మా అత్తా, మునిగిపోయే కాలేజీ

మా మేనత్తకి ఒకే ఒక్క జబ్బు. మనిషి కనపడితే చాలు, చెయ్యి పట్టుకుని, "మా కాలేజీ మునిగిపోతోంది. నువ్వే కాపాడాలి" అంటుంది. ఆవిడ ఆ కాలేజీకి ప్రిన్సిపాల్. నేను అక్కడే ఫిజిక్స్ చెప్తాను. ఇంట్లో అత్తా అనాలి, కాలేజీలో మేడమ్ అనాలి. కోపం వస్తే మాత్రం నోట్లోంచి "మేడమత్తా" అని ఊడిపడుతుంది.

ఆవిడ ప్రిన్సిపాల్ అయిన కొత్తల్లో ఆ మాట నిజమే. క్లాసుల్లో పిల్లలకన్నా బెంచీలెక్కువ, బెంచీలకన్నా పావురాలెక్కువ. లెక్చరర్లు ఒక్కొక్కరే వేరే కాలేజీలకి జారుకున్నారు. ఇప్పుడలా కాదు. సీట్లన్నీ నిండాయి. స్టాఫ్ రూములో కుర్చీ కోసం కొట్టుకుంటున్నాం. బీరువా నిండా కప్పులే. టీ కప్పులు కాదు, ఆటల్లో గెలిచినవి. అయినా అత్త మాట మాత్రం మారలేదు.

ఓసారి మేడ మీద నీళ్ళ ట్యాంకు పగిలి, కింది గదుల్లో నిజంగానే మోకాలిలోతు నీళ్ళు నిలిచాయి. అత్త ఫైర్ స్టేషన్‌కి ఫోన్ చేసి, "మా కాలేజీ మునిగిపోతోంది!" అని అరిచింది.

"తెలుసు మేడమ్. మొన్న కూరగాయల కొట్లో కూడా చెప్పారుగా," అని అవతలాయన ఫోన్ పెట్టేశాడు.

మాకు జువాలజీ లెక్చరర్ ఎలా దొరికాడో వినండి. అత్తకి పన్ను నొప్పి. వీధిలో అద్దాల తలుపుల క్లినిక్ ఒకటి ధగధగా వెలిగిపోతోంది. అత్త దాన్ని దాటేసి, ఎదురుగా బోసిగా ఉన్న పాత క్లినిక్‌లోకి నన్ను లాక్కెళ్ళింది. మమ్మల్ని చూసిన కంగారులో డాక్టరుగారు పేషెంటు కుర్చీలో తనే కూర్చున్నారు. మేమిద్దరం లేపాం. పన్ను పీకి, అత్త నోట్లో దూది కుక్కారు.

"మా కాయేయీ మునియియోయోంయి," అంది అత్త.

"ఏమిటమ్మా? నొప్పిగా ఉందా?"

"మీయే కాఆయాయి!"

ఆయన భయపడి నావైపు తిరిగారు. "మత్తు ఎక్కువైందంటారా?"

"కాలేజీ మునిగిపోతోందట. మీరే కాపాడాలట," అన్నాను తల దించుకుని.

"నేనా? నేను పళ్ళ డాక్టర్నండీ!"

అత్త ఇంకేదో అంది. దానికీ నేనే అర్థం చెప్పాల్సొచ్చింది. "పళ్ళున్నవన్నీ జంతువులే కదా, జువాలజీ చెప్పండి అంటోంది."

పై వారం నుంచి ఆయన మా స్టాఫు. ఏ జంతువునైనా దవడ దగ్గరే మొదలుపెడతారు. మొసలి పాఠం వారమంతా సాగుతుంది. కోడి పాఠం మాత్రం దాటేస్తారు, దానికి పళ్ళు లేవని. ఆయన క్లాసుకి పక్క సెక్షన్ పిల్లలు కూడా వచ్చి గోడవారన నిలబడతారు.

ఓ మధ్యాహ్నం ఆఫీసు ఫోన్ మోగింది. అత్త ఎత్తింది. అవతలి గొంతు గదంతా వినపడుతోంది.

"గ్యాస్ ఏజెన్సీయా అండీ?"

"కాదు నాయనా, కాలేజీ. ఏం చదువుకున్నావు?"

"నేను... సిలిండర్ కోసం..."

"సిలిండర్ ఎప్పుడైనా వస్తుంది. డిగ్రీ అయిందా?"

"మధ్యలో ఆపేశానండీ. నాన్న పోతే షాపులో కూర్చోవాల్సొచ్చింది. ఇప్పుడు నాకు నలభై దాటాయి."

"అయ్యో! మా కాలేజీ మునిగిపోతోంది నాయనా. నువ్వొక్కడివి చేరితే..."

మర్నాడే వచ్చి చేరాడు. పిల్లలు ఆయన్ని "రాంగ్ నంబర్ అంకుల్" అంటారు. ఆయన్ని చూసి షాపుల వీధి మొత్తం కదిలింది. చివరికి వాళ్ళ కోసం సాయంత్రం బ్యాచ్ పెట్టాల్సొచ్చింది. సిలిండర్ మాత్రం ఇంకా రాలేదట.

ఇక ఆటలు. ఎదురు అపార్ట్‌మెంట్లో కెమెరాలు పెట్టుకుని వాచ్‌మన్‌ని మానిపించారు. పాపం, మెళ్ళో ఈలతో రోడ్డు మీద నిలబడి ఉన్నాడు. అత్త వెళ్ళి చెయ్యి పట్టుకుంది.

"నాకు ఆటలు రావమ్మా."

"ఈల ఉంది కదా?"

"ఉంది."

"మరింకేం కావాలి?"

అతనికి తెలిసిన కోచింగ్ ఒక్కటే. మా అమ్మాయిలు పరుగు మొదలెట్టగానే వెనకనుంచి ఈల ఊది, "ఎవరది! ఆగు!" అని గావుకేక పెట్టేవాడు. వాళ్ళు ప్రాణభయంతో పరిగెత్తేవాళ్ళు. ఆ ఏడు రిలే కప్పు మాదే. గీత దాటాక వాళ్ళని ఆపడానికే మనుషుల్ని పెట్టాల్సొచ్చింది.

ఇంత జరిగాక, సిమెంటు వ్యాపారం చేసే ఓ పెద్దాయన కాలేజీ చూడ్డానికి వస్తానన్నారు. నచ్చితే నాలుగు కొత్త గదులు కట్టిస్తారట. అప్పటికే సాయంత్రం బ్యాచ్‌కి చోటు చాలక మెట్ల మీద పాఠాలు చెప్తున్నాం. గదులు రాకపోతే ఆ బ్యాచ్ ఎత్తెయ్యాల్సిందే. ఆయన నాకు ఫోన్లో ముందే చెప్పారు: "బాగా నడుస్తున్న సంస్థలకే ఇస్తానండీ. నష్టాల్లో ఉన్నవాటి జోలికి పోను."

నేను అత్త కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను. "ఈ ఒక్కరోజుకీ మునగకు అత్తా!"

"సరేలేరా, తేలుతాను," అంది.

పెద్దాయన వచ్చారు. నేను తెర మీద బొమ్మలేసి మా ప్రగతి అంతా చూపించాను. అత్త పెదాలు బిగబట్టుకుని కూర్చుంది. ఆయన బొమ్మలవైపు చూడకుండానే "మంచిది, మంచిది" అన్నారు. టీ తాగారు. లేస్తారనుకుంటే ఇంకో టీ అడిగి అదీ తాగారు. డ్రైవర్ గుమ్మం దగ్గరికొచ్చి, "ఇంటికి వెళ్దామా అయ్యా?" అన్నాడు.

"ఏం తొందర? వ్యాపారమంతా మా కోడలు చూసుకుంటోంది. గోడౌన్‌కి వెళ్తే నాకు కుర్చీ వేసి కూర్చోబెడుతున్నారు," అని నవ్వి, మూడో టీ అడిగారు.

అత్త లేచింది. నేను కళ్ళతోనే దణ్ణం పెట్టాను. లాభం లేదు. ఆయన చెయ్యి పట్టేసుకుంది.

"అన్నయ్యగారూ, వీడు చూపించిందంతా పైపై మెరుగులు. మా కాలేజీ మునిగిపోతోంది. మీరే కాపాడాలి."

తెర మీద మా ప్రగతి గీత పైకి పోతూనే ఉంది. నేను మాత్రం కుర్చీలో కిందికి జారిపోయాను.

"మునిగిపోతోందా?" ఆయన కప్పు కింద పెట్టారు.

"గదులు కట్టాలి. దగ్గరుండి చూసే దిక్కు లేదు. మేస్త్రీ ఏం చెప్తే దానికి తలూపడమే. సిమెంటుకీ పిండికీ తేడా తెలీని వాళ్ళం."

"పిండికా!" ఆయన లేచి నిలబడ్డారు. "ఎవరూ ఏమీ ముట్టుకోకండి. పొద్దున్నే వస్తాను." కారెక్కి వెళ్ళిపోయారు. డబ్బు మాటే లేదు.

నాకు ఒళ్ళు మండింది. "మేడమత్తా! డబ్బిచ్చేవాడి దగ్గర దివాలా కథ చెప్తారా ఎవరైనా?"

"ఆయన డబ్బివ్వడానికి రాలేదురా, తోచక వచ్చాడు," అంది అత్త కప్పులు సర్దుతూ. "నువ్వు టీలో పంచదార వెయ్యడం మర్చిపోయావు. మూడు కప్పులు తాగి ఆ ముక్క కూడా అనలేదు, చూశావా?"

"అయితే?"

"నీకు తోచడం లేదు కదా, మా దగ్గరికి రా అంటే ఎవరైనా చిన్నబుచ్చుకుంటారు. మేం గట్టెక్కేలా లేం, రా అంటే చెప్పులు కూడా వేసుకోకుండా వస్తారు."

బోసి క్లినిక్‌లో కూర్చున్న డాక్టరూ, రోడ్డు మీద నిలబడ్డ వాచ్‌మనూ కళ్ళ ముందు మెదిలారు. ఇన్నాళ్ళూ ఆవిడ కాలేజీకి మనుషుల్ని వెతుకుతోందనుకున్నాను. వెంటనే ఇంకో అనుమానం కూడా వచ్చింది.

"అత్తా, ఎక్కడా ఉద్యోగం రాక నేను ఇంట్లో పడుకున్నప్పుడు, నువ్వొచ్చి కాలేజీ మునిగిపోతోందన్నావు..."

"ఛ! ఫిజిక్స్‌కి నిజంగానే ఎవరూ దొరకలేదురా," అంది, కడిగిన కప్పే మళ్ళీ కడుగుతూ.

మర్నాడు నేను వెళ్ళేసరికి పెద్దాయన ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి ఖాళీ స్థలంలో నిలబడి ఉన్నారు.

"బొమ్మలబ్బాయ్, ఈ టేపు చివర పట్టుకో. వంకర పట్టకు."

"క్లాసు ఉందండీ..."

"గోడ వంకరైతే క్లాసెక్కడ చెప్తావు?"

సాయంత్రం దాకా పట్టుకున్నాను. ఆ రోజు డ్రైవర్ని ఆయనే తొందరపెట్టారు. "పద పద, ఇంటికి పోనీ. ఇక్కడ నాలుగు కాదు, ఆరు గదులు పడతాయి. అంత సిమెంటు ఊరికే ఇమ్మంటే మా కోడలు నాతో పోట్లాడుతుంది చూడు!" ఆ పోట్లాట తలుచుకుంటేనే ఆయన మొహం చేటంత అయింది.

ఆరు గదులూ లేచాయి. మామాకోడళ్ళు ఇప్పుడు మా కాలేజీ మెట్ల మీదే కూర్చుని, ఏడో గది గురించి పోట్లాడుకుంటున్నారు.