ఇసుక మూటల వైపు పెట్టిన తుపాకీ

మస్కట్ అవతల, సమాయిల్ బజారులో తుపాకులు బాగుచేసే ముసలాయన కుడిచెయ్యి కొలిమి దగ్గర కాలింది. నేను నర్సుగా ఉన్న ఆసుపత్రికి రమ్మంటే రానన్నాడు. అందుకని రోజు విడిచి రోజు దుకాణానికే వెళ్లి కట్టు మార్చే పని నాకు పడింది.

"నీకే సరిపోతుంది పిల్లా. అక్కడా మాట్లాడక్కర్లేదు" అంది నా రూములోనే ఉండే సీనియర్ నర్సు అక్క.

వెళ్లిన మొదటి రోజే తెలిసింది, ఆ దుకాణంలో మసలడానికి మా ఆపరేషన్ గదికి ఉన్నన్ని కట్టుబాట్లు ఉన్నాయని. వచ్చిన మనిషి గడప దగ్గరే ఆగుతాడు. తుపాకీ తెరిచి తూటాలు తీసి, గుమ్మం పక్కన వేలాడే ఖర్జూరాకు బుట్టలో వేస్తాడు. గొట్టం నేలవైపు ఉంచి లోపలికి వస్తాడు. తుపాకీ మడమ ముందుగా అందిస్తూ "ఫాదీ" అంటాడు, ఖాలీ అని. తీసుకునేవాడు ఆ మాట నమ్మడు. తానూ లోపలికి చూసి, చిటికెనవేలు పెట్టి తడిమి, తానూ "ఫాదీ" అంటాడు. తండ్రీకొడుకులైనా అంతే. దాన్ని ఎవరూ అవమానంగా తీసుకోరు. చేతిలో కాఫీ గిన్నె ఉన్నంతసేపూ తుపాకీ ముట్టరు. ఇవన్నీ ఆ రాత్రి డైరీలో రాసుకున్నాను.

అన్నిటికన్నా గట్టి కట్టుబాటు వెనకగోడది. అక్కడ ఇసుక మూటలు నడుమెత్తు పేర్చి ఉండేవి. తూటా ఇరుక్కుపోయిన తుపాకీ ఏదైనా వస్తే, ముసలాయన దాన్ని ఆ మూటలకు ఎదురుగా పడుకోబెట్టేవాడు. ఇక దాన్ని ఆయన తప్ప ఎవరూ ముట్టరు. ఆ సంగతి అక్కడ చిన్నపిల్లలకు కూడా తెలుసు.

తెలియనివాడు ఒకడు వచ్చాడు. ఆయన మావాడే. ఊరి బయట రోడ్డు వేస్తున్న కంపెనీలో స్టోర్‌కీపరు. గోదావరి జిల్లా మనిషి. శుక్రవారాలు మా తెలుగువాళ్లందరం ఆయన రూములోనే ప్రార్థనకు కూడేవాళ్లం. వాక్యం ఆయనే చెప్పేవాడు. అందరికీ అన్నయ్యగారే.

కంపెనీ మేనేజరు, ఇంగ్లీషు దొర, నెలాఖరుకు వెళ్లిపోతున్నాడు. ఆయనకు వెండికట్ల పాత తుపాకీ ఒకటి కావాలని కోరిక. అలాంటిది ముసలాయన గోడకు ఉంది. అది తెచ్చిపెడితే వెళ్లేలోపు తనను మస్కట్ ఆఫీసుకు మారుస్తాడని అన్నయ్యగారి ఆశ. ఆ పని మీదే ఆ రోజు దుకాణంలోకి వచ్చాడు. నేను చాప మీద కూర్చుని పాత కట్టు కత్తిరిస్తున్నాను.

"ఏమ్మా పుస్తకాలమ్మా! ఇక్కడ తేలావేంటి?" అన్నాడు. ఎప్పుడూ చదువుకుంటానని ఆయన నాకు పెట్టిన పేరు అది. నేను తల వంచుకునే ఉన్నాను. ఆయన చూపు గోడ చుట్టూ తిరిగి ఇసుక మూటల దగ్గర ఆగింది. చటుక్కున వంగి, అక్కడ పడుకోబెట్టి ఉన్న తుపాకీ తీసి నా మొహానికి గురిపెట్టాడు. "హ్యాండ్సప్!"

నేను చేతులెత్తాను. ఒక చేతిలో కత్తెర, ఒక చేతిలో చీము అంటిన గుడ్డ. ఆయన ట్రిగ్గర్ నొక్కాడు. టక్ మని చప్పుడు వచ్చింది.

దుకాణంలో ఆయన ఒక్కడే నవ్వాడు. ముసలాయన లేచి, కాలిన చేత్తోనే గొట్టం పట్టుకుని మూటల వైపు తిప్పి, తుపాకీ లాక్కున్నాడు. తర్వాత చాలాసేపు పట్టకారుతో కుస్తీపట్టి తూటా బయటికి తీశాడు. దాని వెనకవైపు గోటితో నొక్కినంత నొక్కు పడి ఉంది. లోపలి స్ప్రింగు సడలి ఉండబట్టి దెబ్బ చాలలేదు.

"పేలలేదుగా!" అన్నాడు అన్నయ్యగారు.

ముసలాయన యౌవనంలో కరాచీ రేవులో పనిచేసినవాడు. హిందీలో మెల్లగా చెప్పాడు: "ఇక నుంచి ఈ బజారులో నీ చేతికి తుపాకీ రాదు. రావాలంటే, గొట్టం ముందు ఉన్న మనిషి ఇక్కడికి వచ్చి, మనసులో ఏమీ పెట్టుకోలేదని నలుగురిలో చెప్పాలి. అది మా రివాజు."

అంతటితో అన్నయ్యగారు నా దగ్గరికి వచ్చి క్షమించమని ఒక మాట అడిగి ఉంటే ఏమయ్యేదో. శుక్రవారం ప్రార్థన అయ్యాక, భోజనాల దగ్గర, ఒక చేత్తో గరిటె, ఒక చేత్తో గుడ్డ పట్టుకుని లేచి నిలబడి, కళ్లు పెద్దవి చేసి నా వేషం వేశాడు. అందరూ పడిపడి నవ్వారు. అక్క కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తూటా సంగతి మాత్రం ఆయన చెప్పలేదు. నేను చెప్పాలని లేచి, కంచాలు తీయడం మొదలుపెట్టాను. ఆ తర్వాత వార్డులో కూడా నా పేరు హ్యాండ్సప్ అయింది.

డైరీలో ఆ పేజీ మొత్తం ఆయన గురించే. ఏ మాట అంటే ఆయన మొహం ఎలా మారాలో వరుసగా రాసుకున్నాను. అంత ఇష్టంగా అంతకుముందు ఏదీ రాయలేదు.

రెండో శుక్రవారానికి ఆయనకు నా అవసరం తెలిసొచ్చింది. బజారులో ఉన్న ఇంకో రెండు దుకాణాలూ తిప్పి పంపేశాయి. అడగడానికి బదులు ఆయన క్షమాపణ మీద వాక్యం చెప్పాడు. ముప్పావుగంట, నా వైపే చూస్తూ. మనసులో పగ పెట్టుకున్నవాళ్ల ప్రార్థన పైకప్పు దాటదన్నాడు. పైకప్పు వైపు చూశాను. రేకు. బల్లి ఒకటి పాకుతోంది.

రూముకు వచ్చాక అక్క అంది: "పోనీలేవే. పెద్దాయన అంతగా అడుగుతుంటే."

"ఎక్కడ అడిగారక్కా?"

"చెప్పారు కదా, వాక్యంలో."

"దేవుడికి చెప్పారు. నాకు కాదు. తుపాకీ దేవుడి వైపు పెట్టలేదు కదా" అన్నాను. అక్క నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూసింది. అప్పుడే ఆమెకు నొక్కు పడ్డ తూటా గురించి చెప్పాను. ఆమె వచ్చి నా మంచం మీద కూర్చుంది.

దొర ప్రయాణం ఇక నాలుగు రోజులుందనగా అన్నయ్యగారే ఆసుపత్రి వరండాలోకి వచ్చాడు. "చూడమ్మా, తమాషాకి చేశాను. రేపొచ్చి ఆ ముసలాడికి ఒక్క ముక్క చెప్పేయ్. నీకేం పోయింది?"

"వస్తాను. మీరు ముందు వాళ్లలాగా తుపాకీ పట్టి చూపించాలి" అన్నాను. నా గొంతు నాకే వినపడింది.

"ఓస్, అంతేనా!"

మర్నాడు దుకాణం నిండింది. ఆ రోజు ఉన్నవాళ్లందరూ వచ్చారు, అక్క కూడా వచ్చింది. ముసలాయన ఒక మామూలు తుపాకీ ఇచ్చాడు. అన్నయ్యగారు గడప బయటికి వెళ్లి మళ్లీ వచ్చాడు. తెరిచాడు, చూశాడు. చిటికెనవేలు పెట్టాడు. అది లావుగా ఉండి ఇరుక్కుంటే, లాక్కుంటూ "ఫాదీ" అన్నాడు. ఎవరో నవ్వారు. ఆయన మెడ ఎర్రబడింది. "మళ్లీ" అన్నాను. మళ్లీ చేశాడు. మూడోసారి చెయ్యమన్నప్పుడు కూడా గొట్టం నేలవైపు నుంచి కదలలేదు. అంతా సరిగ్గా చేశాడు. "తప్పయిపోయిందమ్మా" అని కూడా అన్నాడు, తెలుగులో, నాకు మాత్రమే వినపడేలా.

ముసలాయన నా వైపు తిరిగాడు. "బేటీ, మనసులో ఏమైనా ఉందా?"

వెండికట్ల తుపాకీ ఆయన ఒళ్లోనే ఉంది. అన్నయ్యగారు అప్పటికే చెయ్యి చాచి ఉన్నాడు.

"ఉంది" అన్నాను. అందరికీ వినపడేలా, హిందీలో.

ఎందుకని ముసలాయన అడగలేదు. వాళ్ల రివాజులో ఆ ప్రశ్న లేదు. లేచి వెండికట్ల తుపాకీని తిరిగి మేకుకు తగిలించాడు. తర్వాత చాప మీద కూర్చుని, కట్టు మార్చమని నాకు చెయ్యి చాచాడు. కింద లేత చర్మం వచ్చింది. నా వేళ్లు ఒక్కసారి కూడా తడబడలేదు. వెనక అన్నయ్యగారి చెప్పుల చప్పుడు బజారులోకి వెళ్లిపోయింది.

మస్కట్ ఆఫీసుకు ఇంకొకర్ని వేశారు. ఆయన సమాయిల్‌లోనే ఉండిపోయాడు, వాక్యం చెబుతూనే ఉన్నాడు. నేను ప్రతి శుక్రవారం వెళ్లాను. అంతకుముందు తలుపు దగ్గర కూర్చునేదాన్ని. ఆ తర్వాత ముందు వరుసలో, ఆయనకు ఎదురుగా కూర్చున్నాను. క్షమాపణ మీద ఆయన మళ్లీ ఎప్పుడూ మాట్లాడలేదు.