కట్టు మేస్త్రి చేపల షికారు

సరుకుల యార్డులో లారీల మీద లోడు కట్టడంలో కట్టు మేస్త్రిని మించినవాడు లేడు. కొట్టడంలోనూ లేడు. ఆయన బిగించిన తాడు ఎన్ని గోతుల్లో పడ్డా సడలదని డ్రైవర్లు మెచ్చుకునేవారు, ఆ చేతుల్ని కట్టేసేవాడే పుట్టలేదని అదే నోటితో అనేవారు. వెటకారంగా నవ్వాడని తూకం గుమాస్తా చెవి మీద ఒక్కటిచ్చాడు. పాపం, ఆ చెవికి ఇప్పటికీ సగమే వినబడుతుంది. ముక్కు మీద కోపం అంటారు గానీ మేస్త్రి కోపానికి ముక్కు దాకా ఎక్కే ఓపిక కూడా లేదు, అది పిడికిట్లోనే కాపురం ఉండేది.

పెళ్ళాం మీద మాత్రం ఏనాడూ చెయ్యి చేసుకోలేదు. అదేదో ఘనకార్యమైనట్టు నలుగురిలో చెప్పుకునేవాడు. ఆవిడ వినీ వినీ ఒకరోజు, "నన్ను కొట్టలేదు సరే, కొట్టినవాళ్ళందర్నీ నా కళ్ళముందే కొట్టావు గదా" అంది.

అది బావమరిది భుజం విరిగిన రోజు. బావమరిది దర్జీ. బక్కపలచటి మనిషి, నోరు మాత్రం కత్తెర. వంటింట్లో భోజనం చేస్తూ, "బావా, నీ తాళ్ళన్నీ గట్టివే, బుర్రే కొంచెం వదులు" అన్నాడు. మేస్త్రి వాణ్ణి కంచం ముందు నుంచి లేపి గోడకేసి కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు పక్కింటికి వినబడింది. ఆవిడ ఆ రోజే పుట్టింటికి వెళ్ళిపోయింది. ఎన్నాళ్ళకో తిరిగొచ్చినప్పుడు గడప దాటకుండానే మాట తేల్చేసింది.

"ఇంకొక్కసారి, ఎవరి మీదైనా సరే, నీ చెయ్యి లేచిందో నేను నీకు లేను. తర్వాత నన్ననుకోకు."

మేస్త్రి ఒప్పుకున్నాడు. ఆవిడ లేని ఇల్లు ఎలా ఉంటుందో చూసి ఉన్నాడు కనుక ఒప్పుకున్నాడు. అప్పట్నుంచి కోపం వస్తే చేతులు రెండూ చంకల్లో దూర్చుకుని నిలబడేవాడు. యార్డంతా ముసిముసిగా నవ్వేది. ఆ నవ్వుల్నీ మింగాడు.

ఇలా ఉండగా యార్డు నడిపే రవాణా కంపెనీ తన పనివాళ్ళను కుటుంబాలతో సహా పెద్ద ఓడలో విహారానికి తీసుకువెళ్ళింది. ఆవిడ పట్టుబట్టి తమ్ముణ్ణి కూడా వెంటబెట్టుకొచ్చింది. ఒకే ఓడలో ఉన్నాక బావా బావమరుదులు మాట్లాడుకోకుండా ఎక్కడికి పోతారులే అని ఆవిడ ఆశ.

ఒక పొద్దున చిన్న పడవలో చేపలు చూపిస్తామన్నారు. ఓడ గోడకి అంటించిన బొమ్మలో నీలం నీళ్ళు, పసుపు చేపలు, ఇకిలిస్తున్న దంపతులు. ముఖానికి అద్దం, నోట్లో గొట్టం పెట్టుకుని బోర్లా తేలితే చాలు, సముద్రం అడుగంతా కనబడుతుందన్నారు. అన్నవాళ్ళ నోట మన్ను పడ!

పడవలో గైడమ్మ అందరికీ నోటితో గాలి ఊదుకునే పలచటి జాకెట్లు పంచింది. గాలి మరీ నిండుగా ఉంటే తల నీళ్ళలోకి వంగదు, కొంచెం తీసెయ్యండి అంది. మేస్త్రి భార్య చేపల మీద ఆశకొద్దీ దాదాపు అంతా తీసేసింది. ఆవిడకూ తమ్ముడికీ ఈత రాదు. మేస్త్రికి కాలవలో నేర్చిన ఈత వచ్చు. విడిగా ఉన్న సరుకు జారిపోతుంది, కలిపి కట్టిన సరుకు జారదు; ఆయనకు తెలిసిన వేదాంతం అదొక్కటే. గైడమ్మ అటు తిరగ్గానే సంచిలోంచి నూలుతాడు తీసి, అక్క నడుముకూ తమ్ముడి నడుముకూ మధ్య మూరెడు వదిలి ముడేశాడు.

"ఇదేంటయ్యా, గొడ్లని కట్టినట్టు?" అంది భార్య.

"ఇద్దరూ ఒకచోట ఉంటే కనిపెట్టుకుని ఉంటా. నువ్వూరుకో."

"పెళ్ళిలో అక్కని నీకు కట్టబెడితే, నువ్వు తిరిగి నాకే కడుతున్నావా బావా?" అన్నాడు బావమరిది.

పడవంతా గొల్లుమంది. మేస్త్రి చేతులు చంకల్లోకి పోయాయి.

ముందురోజు కురిసిన వానకి సముద్రం అంట్లు కడిగిన నీళ్ళలా ఉంది. అందులోకి పడవెడు జనాన్నీ ఒక్కసారే దింపారు. కనబడినవల్లా పక్కవాడి కాళ్ళే. వాటికి తొడిగిన రబ్బరు రెక్కలతో ఒకరినొకరు కుళ్ళబొడుచుకున్నారు. లెక్కల గుమాస్తా మడమ తగిలి మెకానిక్కు పెదవి చిట్లింది. మెకానిక్కు ఆయన గొట్టం పీకి విసిరేశాడు. ఇద్దరూ నీళ్ళలోనే జుట్లు పట్టుకున్నారు. ఒక పెద్దావిడ గొట్టంలోంచే వాంతి చేసుకుంది. మొత్తమ్మీద ఎదురైన చేప ఒక్కటి, అదీ చచ్చి వెల్లకిలా తేలుతోంది.

మీసం ఉన్నవాళ్ళకి అద్దం ముఖానికి సరిగ్గా అతకదు, అందుకని వాజలైను పూసుకోమని గైడమ్మ ముందే చెప్పింది. దువ్వుకున్న మీసం పాడవుతుందని దర్జీ పూసుకోలేదు. సందులోంచి ఉప్పునీళ్ళు ముక్కులోకి ఎక్కేసరికి వాడికి దిక్కు తోచలేదు. చేతికి దొరికింది అక్క తల. దాన్ని పట్టుకుని పైకెక్కాడు.

మేస్త్రి చూసేసరికి నీళ్ళ మీద వాడొక్కడే ఉన్నాడు, ఆవిడ లేదు. ఈదుకుంటూ వచ్చి పడ్డాడు.

"వదలరా! చచ్చిపోద్దిరా అది, వదులు!"

వాడికి వినబడితేగా! ముడి విప్పబోయాడు. నూలుతాడు నానితే ఉబ్బి రాయిలా బిగుస్తుంది. ప్రతి వానాకాలం కత్తితో తాళ్ళు కోసే మనిషి ఆ సంగతి ఎలా మరిచాడో మరిచాడు. ఇక ఆలోచించలేదు. దవడ మీద ఒక్కటి కొట్టాడు.

వాడి పట్టు వదిలింది. ఆవిడ పైకొచ్చి నోరంతా తెరిచి గాలి పీల్చింది. మేస్త్రి అది చూశాడు. చూసి, మళ్ళీ కొట్టాడు.

ఈసారి ముక్కు మీద. అద్దం చట్రం వాడి కనుబొమలోకి దిగింది. చంకల్లో దాచుకున్నవన్నీ ఒక్కసారే బయటికొచ్చాయి. నవ్విన యార్డంతా ఆ ఒక్క ముఖంలోనే కనబడింది. పెదవుల మీద కొట్టాడు, చెవి మీద కొట్టాడు, వాడు చేతులు అడ్డం పెడితే చేతుల మీద కొట్టాడు. బురదనీళ్ళు ఎర్రబడ్డాయి. పళ్ళు గుచ్చుకుని తన పిడికిలే చీలింది, నొప్పి తెలియలేదు. నిజం చెప్పాలంటే హాయిగా ఉంది. మెకానిక్కు వెనకనుంచి మెడ పట్టి లాగేదాకా కొడుతూనే ఉన్నాడు.

పడవ ఎక్కాక జనం ఆయన్ని ఆకాశానికెత్తేశారు. సమయానికి మేస్త్రి చెయ్యి చేసుకోకపోతే ఆ తల్లి దక్కేది కాదన్నారు. బావమరిది ముక్కుకి తువ్వాలు అదుముకుని, "అక్కని నువ్వే బతికించావు బావా, నేనే పశువునైపోయా" అని ఏడ్చాడు. మేస్త్రికి ధైర్యం వచ్చింది. ఈ దెబ్బల్ని దేవుడైనా తప్పుపట్టడు అనుకున్నాడు.

ఆవిడ పడవ ఆ చివర కూర్చుని ఉప్పునీళ్ళు కక్కుతోంది. గైడమ్మ వీపు రాస్తోంది. మేస్త్రి వెళ్ళి ఎదురుగా కూలబడ్డాడు.

"మాట తప్పాను. కాదనను. కానీ నీకోసమే గదే."

"మొదటిది నాకోసమే," అంది ఆవిడ. గొంతు బొంగురుపోయింది. "దానికి నీ కాళ్ళకి దణ్ణం పెడతా."

"మరింకేం?"

"పైకొచ్చి నిన్ను పిలిచా. విన్నావా?"

మేస్త్రికి ఏ పిలుపూ గుర్తు రాలేదు.

"నువ్వు కొట్టిన కొద్దీ వాడు వెనక్కి పోయాడు. వాడితో తాడు, తాడుతో నేను. జాకెట్లో గాలి లేదు. నువ్వు వాణ్ణి కొట్టినంతసేపూ నేను నీళ్ళ కిందే ఉన్నా. ఈవిడే తాడు కోసి పైకి లాగింది."

కాదంటుందేమోనని మేస్త్రి గైడమ్మ వైపు చూశాడు. ఆమె ముఖం తిప్పుకుంది.

"మధ్యలో ఒకసారి తల తేలింది," అంది భార్య. "అప్పుడు నీ ముఖం చూశా. నవ్వుతున్నావు."

ఆవిడ లేచి, పడవ అంచు పట్టుకుంటూ వెళ్ళి తమ్ముడి పక్కన కూర్చుంది. వాడి చేతిలోని తువ్వాలు తీసుకుని మెల్లగా ముక్కుకి అదిమింది. "ఒడ్డు చేరాక మీ ఇంటికే వస్తా" అంది. బావమరిది బావ తరఫున ఏదో చెప్పబోయాడు గానీ, పగిలిన పెదవులు ఈలోగా వాచిపోయి వాడికి మాట సరిగ్గా రాలేదు.