గడప కింద రంగులు

సిడ్నీలో మేం అద్దెకు దిగిన ఇల్లు వందేళ్ళు దాటినది. లండన్ వీధుల నమూనాలో, పక్కింటితో గోడ పంచుకుని, సన్నగా రెండంతస్తులు కట్టారు. ఇనుప అల్లికల బాల్కనీ, పైకి నెట్టి తెరిచే కిటికీలు, గోడలో చలిమంట గూడు చూసి మా ఆయన మురిసిపోయారు. నాకు మాత్రం మొదటిరోజు నుంచే అనుమానం. చెక్కతో మూసేసిన ఆ గూడును తట్టితే లోపల ఏదో రాలేది. కిటికీ చట్రం మీద వేలు పెడితే పెచ్చులు ఊడేవి. పాపకు పది నెలలు. దొరికిందల్లా నోట్లో పెట్టుకునే వయసు.

"హెరిటేజ్ హౌస్ ఇది! ఎడ్మండ్‌సన్ పార్క్ కొత్త కాలనీలో మీ ఫ్రెండ్ వాళ్ళలా అట్టపెట్టెలో ఉంటావా?" అనేవారు మా ఆయన.

మమ్మల్ని చూడడానికి కాకినాడ నుంచి వచ్చిన అత్తయ్య, ఒక శుక్రవారం నేను స్నానం చేసి వచ్చేసరికి వీధి గడపను గరుకు కాగితంతో గీకేసి, సబ్బుతో తుడిచి, పసుపు రాస్తున్నారు. పెయింట్ మీద పసుపు నిలవడం లేదట, చెక్క తేలాలట. చెక్క తేలలేదు. తెలుపు కింద ఆకుపచ్చ, దాని కింద మీగడ రంగు, ఇంకా కింద ముదురు ఎరుపు. పక్కన రాలిన పొడిలో పాప పాకుతోంది.

పాత రంగుల్లో పిల్లలకు విషమైన సీసం ఉంటుందని చదివాను. పాప చేతులు, మూతి కడిగేసి, మా ఆయన చేత, సీసం తగిలితే ఎర్రబడే పరీక్ష పుల్లలు తెప్పించాను. గడప మీద రుద్దితే పుల్ల ఎర్రబడింది.

"పసుపుకి సబ్బు తగిలితే ఎర్రబడదా ఏంటి? చీర మీద మరక ఎప్పుడూ ఉతకలేదా నువ్వు?" అన్నారు అత్తయ్య.

నిజమే కావచ్చు. నమ్మాలని ఎంతో అనిపించింది, అందుకే నమ్మలేదు. పసుపు సోకని కిటికీ చట్రం మీద ఇంకో పుల్ల రుద్దాను. అదీ ఎర్రబడింది. అత్తయ్య పసుపు గిన్నె పక్కన పెట్టి పాపను ఎత్తుకున్నారు.

సీసం ఒంట్లోకి చేరిందేమోనని డాక్టరు రాసిన పరీక్షకు రక్తం తీసేటప్పుడు పాప చెయ్యి పట్టుకోవడం నా వల్ల కాలేదు. అత్తయ్యే ఒళ్ళో కూర్చోబెట్టుకుని పట్టుకున్నారు. సూది తీశాక తన చెయ్యి కూడా చాపారు.

"నాకూ తియ్యమను, అమ్మాయ్. గీకింది నేను కదా."

డాక్టరు పాపకే రాసిచ్చారని చెప్పి ఆవిడ చెయ్యి దింపాను.

నాలుగు రోజులకు ఫలితం వచ్చింది. కంగారు పడేంత లేదన్నారు డాక్టరు. అత్తయ్య కళ్ళు తుడుచుకున్నారు. నేను ఆ కాగితం తీసుకుని, దాని మీద పేరు, పుట్టిన తేదీ మా పాపవేనా అని రెండుసార్లు చూశాను.