పదిన్నర సైరన్

మా కాలేజీకి ఏదైనా ఇస్తామని ఎవరొచ్చినా మా ప్రిన్సిపాల్ వేణుమాధవ్ గారు ముందు కుర్చీ వేయిస్తారు, ఆ తర్వాత మెల్లగా ఫ్యాన్ల సంగతి ఎత్తుతారు. సంధ్యారాణి మేడం దగ్గర మాత్రం ఆయన పప్పులు ఉడకలేదు. ఫ్యాన్లు ఎవరైనా ఇస్తారు, నేను సైరన్ ఇస్తాను అన్నారావిడ.

గోదావరిఖనిలో మేడం దగ్గర ఫిజిక్స్ చెప్పించుకోని ఇల్లు తక్కువ. మా కాలేజీలోనే డిగ్రీ చదివి, ఊళ్లోని బడిలో ఏళ్ల తరబడి పాఠాలు చెప్పి రిటైరయ్యారు. బడిలో నేనూ ఆమె శిష్యురాలినే. ఇప్పుడు ఈ కాలేజీలో బాటనీ చెబుతున్నాను. మేడం బక్కపలచని మనిషి. లెక్క తప్పు చేస్తే తిట్టేవారు కాదు, పక్కన నిలబడి పెద్దగా ఊపిరి వదిలేవారు. దానికంటే రెండు దెబ్బలు వేస్తే బాగుండుననిపించేది మాకు.

సైరన్ మీద అంత ప్రేమ ఎందుకో ఆమే చెప్పారు. వాళ్ల నాన్న సదానందం గారు బాయిలో పనిచేసేవారు. బొగ్గు గనిని మా దగ్గర బాయి అనే అంటారు. వాళ్లింట్లో గడియారం లేదు. తెల్లవారి సైరన్ కూస్తే మేడం లేచి పుస్తకం తెరిచేవారు, ఆయన ఫస్ట్ షిఫ్టుకు బయలుదేరేవారు. మధ్యాహ్నం సైరన్ కూసిందంటే ఆయన పైకి వచ్చినట్టే. ఒళ్లంతా మసితో, రుమాల్లో క్యాంటీన్ బన్ను కట్టుకుని వచ్చేవారు. ఆయన ఇంటికి రాని రోజు ఒక్కటీ లేదు. రిటైరైన తర్వాత సొంత మంచం మీద, కూతురి చెయ్యి పట్టుకుని కన్నుమూశారు. అందుకే మేడంకు సైరన్ అంటే మనిషి ఇంటికి రావడం. తనకు చదువు చెప్పింది ఆ కూతేనని, అది కాలేజీ పిల్లలకు వినిపించాలని ఆమె ఆశ.

ఆ బాయి ఎప్పుడో మూతబడింది. సైరన్ పాత ఇనుములో కలిసిపోయింది. మేడం ఊరంతా తిరిగి సిరాజుద్దీన్ అనే మెకానిక్ షెడ్డులో దాన్ని పట్టుకున్నారు. అతను మోటారుకు కొత్త వైరు చుట్టి బాగుచేశాడు. ఏ టైముకు కూయిస్తారని మాత్రం అడిగాడు. కాలేజీ టైముకే, పదిన్నరకు అన్నారు మేడం. అతను తుడిచిన చేతులనే మళ్లీ తుడుచుకున్నాడు.

సోమవారం పదిన్నరకు మొదటిసారి కూయించాం. ముందు నేల కింద ఎవరో మూలుగుతున్నట్టు మొదలై, పైకి పైకి లేచి, కిటికీ అద్దాలను వణికించింది. పిల్లలు చెవులు మూసుకుని నవ్వారు. కూత ఆగాక బయట రోడ్డు మీద అలికిడే లేదు. గేటు ముందున్న చాయ్ హోటల్లో పాట కూడా ఆపేశారు.

అప్పుడు కాలనీ క్వార్టర్లలోంచి ఆడవాళ్లు రావడం మొదలైంది.

అందరూ వయసు మళ్లినవాళ్లే. ఒకామె చేతులకు పిండి ఉంది. ఒకామె జడ సగమే అల్లి ఉంది. ఒక్కరి కాళ్లకూ చెప్పుల్లేవు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గేటు ముందు వరుసగా నిలబడ్డారు. ఏడవలేదు, ఏమైందని ఎవరినీ అడగలేదు. మావైపు చూడనే లేదు. గేటు లోపలి నేలను చూస్తూ నిలబడ్డారు.

సైరన్ షిఫ్టు మారేటప్పుడే కూయాలి. వేళ కాని వేళ కూసిందంటే కింద బాయిలో ఏదో అయిందని అర్థం. అంత చదివిన మేడంకు ఆ సంగతి తట్టలేదు. ఆమె చెవిలో ఉన్నది వేరే కూత కదా. నాకూ తట్టలేదు. మా ఆయన ఉపేందర్ నేల పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్టు గనిలో డంపర్ నడుపుతాడు. మా కాలంలో ఏదైనా అయితే ఫోనే వస్తుంది.

అందరికంటే ముందు అనసూర్యవ్వ ఉంది. ఆమె భర్త ఎల్లన్న ఆ బాయిలోనే దిగాడు. పైకప్పు కూలింది, ఆయన్ను తీయలేకపోయారు. ఆయన లోపల ఉండగానే బాయిని మూసేశారు. మేడం వెళ్లి, ఇది కాలేజీ బెల్లు మాత్రమేనని ఓపికగా చెప్పారు. అవ్వ అంతా విన్నది.

"మంచిదే బిడ్డా. ఎవలెవలు పైకొచ్చిన్రు?"

మధ్యాహ్నం షిఫ్టు వదిలే వేళ దాకా ఎండలో నిలబడి వాళ్లు వెళ్లిపోయారు. మర్నాడు మళ్లీ వచ్చారు. ఆ మర్నాడు ఇంకా ఎక్కువమంది వచ్చారు. నాకు భయమేసింది. పిల్లలు వెనక గేటు నుంచి రావడం మొదలుపెట్టారు.

ఆ సాయంత్రమే మేడం సిరాజుద్దీన్‌ను పిలిపించి సైరన్ దించేయించారు. ట్రాలీ ఆటోలోకి ఎక్కిస్తుంటే దాని మీద చెయ్యి వేసి ఏడ్చారు. ఆమె ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. "మా బాపు కూత అనుకున్ననే. వీళ్లకు గిట్లయితదని తెల్వకపాయె," అన్నారు. కాలేజీకి ఫ్యాన్లే ఇస్తానని ఒప్పుకున్నారు.

మర్నాడు ఫ్యాన్ల కొలతలకని మేడం వచ్చారు. పదిన్నరకు నేను బోర్డు మీద ఆకు బొమ్మ వేస్తున్నాను. చాక్‌పీసు చప్పుడు తప్ప ఏమీ లేదు. ఎందుకో కిటికీలోంచి చూశాను. గేటు దగ్గర ఆడవాళ్లు నిలబడి ఉన్నారు.

మేడం కోపంగా వాళ్ల దగ్గరికి పోవడం చూసి నేనూ కిందికి దిగాను.

"సైరన్ తీసేసినమవ్వా. ఇంక కూయది."

"కూసింది బిడ్డా," అన్నది అనసూర్యవ్వ. "జర నిలవడి ఇను."

మేడం నిలబడ్డారు. నేను మెట్ల దగ్గర ఆగిపోయాను. దూరంగా డంపర్ల రొద తప్ప నాకేమీ వినపడలేదు. మేడం తల కొంచెం పక్కకు వంచారు. తర్వాత చెప్పులు విప్పారు. కొంగు తీసి నోటికి అడ్డం పెట్టుకున్నారు.

నేను పరుగెత్తి ఆమె చెయ్యి పట్టుకుని, లోపలికి రమ్మన్నాను. చెయ్యి చల్లగా ఉంది. ఎవరో తెలియనట్టు నన్ను చూశారు.

"మా బాపు ఫస్ట్ షిఫ్టు. ఇంకా పైకి రాలె."

అవ్వ పక్కవాళ్లను మోచేత్తో నెట్టింది. "జరుగుర్రి, బిడ్డకు జాగియ్యిర్రి." వాళ్లు జరిగారు. మేడం నా చెయ్యి విడిపించుకుని ఆ సందులోకి వెళ్లి నిలబడ్డారు.

ఇప్పుడు మా గదుల్లో ఫ్యాన్లు తిరుగుతున్నాయి. మేడం రోజూ వస్తారు, లోపలికి మాత్రం రారు. షిఫ్టు వదిలే వేళ ఇంటికి పోతారు. సాయంత్రం ఇంటికి వెళ్లి పలకరిస్తే ఎప్పటిలాగే మాట్లాడతారు, చాయ్ ఇస్తారు. ఒకప్పుడు ఆ కూత వింటే ఆమె నాన్న ఇంటికి వచ్చేవారు. ఇప్పుడు రోజూ వింటున్నారు, ఆయన రావడం లేదు.

నిన్న పదిన్నరకు నేను పాఠం చెబుతున్నాను. నాకు ఏమీ వినపడలేదు, ఒట్టు. అయినా ఉపేందర్‌కు ఫోను చేశాను. ఫస్ట్ షిఫ్టులో ఉన్నప్పుడు అతను ఎత్తడని నాకు తెలుసు. రింగవుతూనే ఉంది. మెట్లు దిగి గేటు దాకా వచ్చాక కాళ్లు కాలుతుంటే చూసుకున్నాను. చెప్పులు క్లాసులో బల్ల కిందే ఉండిపోయాయి.