డ్రైవరన్న ముఖం

చంద్రపూర్ స్టేషన్‌లో దిగేసరికి పొద్దున పదకొండున్నర. మే నెల. తెలంగాణ వేరుపడబోతున్న ఏడాది. బెంచీ మీద చెయ్యి ఆనించలేనంత వేడి. నా దగ్గర ఒక కిట్‌బ్యాగు, మందుల పెట్టె, ఆర్డరు కాగితం. పక్కన మా ఆర్మీ యూనిట్ డ్రైవర్. ముఖానికి తెల్ల రుమాలు చుట్టుకున్నాడు. కళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి.

నేను యూనిట్‌లో నర్సింగ్ అసిస్టెంట్‌ని. మహారాష్ట్రలో, తెలంగాణ సరిహద్దున, కోర్పనా దగ్గర తెలుగు మాట్లాడే అతని ఊళ్లో దించి, ముప్పై రోజులు దగ్గరుండి చూసుకుని తిరిగి రావాలని ఆర్డరు. భాష తెలిసినవాణ్ణని నన్ను పంపారు. మానసిక వైద్యుడు బయల్దేరేముందు చెప్పాడు: "రుమాలు మెల్లగా మాన్పించాలి. మొదట అద్దం. తర్వాత వాకిలి. ఆ తర్వాత టీ కొట్టు. బజారు చివర్న. తొందరపెట్టకు."

ఆయనకు తెలియనిది ఒకటుంది. ఆ ముఖం కాలింది నా వల్ల.

జనవరి. మంచుకొండ మీద బంకరు. సాయంత్రం నాలుగున్నర. స్టవ్ పూర్తిగా చల్లారాకే కిరోసిన్ పోయాలన్నది నియమం. ఆ రోజు ఆ పని నాది. పాదాలు కొంకర్లు పోతున్నాయి. ఆగలేక వేడి స్టవ్‌లోనే పోశాను. ఎగిసిన మంట అటువైపు కూర్చుని మేజోళ్లు ఆరబెట్టుకుంటున్న డ్రైవర్ మీద పడింది. నాకు వెంట్రుక కూడా కాలలేదు.

రేడియో ఆపరేటర్ అరిచాడు: "ఒకరికి కాలింది. ముఖం. హెలికాప్టర్ కావాలి. ఓవర్."

"గాలి ఎక్కువుంది. పొద్దున్నే పంపుతాం. ఓవర్," అని కింది బేసు నుంచి జవాబొచ్చింది.

పద్నాలుగు గంటలు అతని పక్కనే కూర్చున్నాను. విచారణలో మాత్రం స్టవ్ దానంతట అదే పేలిందని రాసి సంతకం పెట్టాను.

ఊళ్లో అతని అక్క మా ఇద్దరికీ జొన్నరొట్టెలు చేసి పెట్టేది. మొదటి వారమంతా అద్దం. అర నిమిషం చూసి బోర్లించేవాడు. తర్వాత వాకిట్లో కుర్చీ వేస్తే గోడ వైపు తిరిగి కూర్చునేవాడు. నాకు ఓపిక లేకపోయింది. అతను త్వరగా కోలుకుంటే నా తప్పు చిన్నదవుతుందని ఆశ. తొమ్మిదో రోజే కోర్పనా సంతకు తీసుకెళ్లి, నడిమధ్యలో రుమాలు తీయమన్నాను. తీశాడు. ఉల్లిగడ్డలమ్మే ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "కాయ్ ఝాలా?" అని, ఏమైందో మరాఠీలో అడుగుతూ, పదిమంది మూగారు. అతను రుమాలు చుట్టుకుని, బస్సు కోసం ఆగకుండా, ఆ ఎండలో ఇంటిదాకా నడిచి వెళ్లిపోయాడు. ఆరు రోజులు గది దాటలేదు.

అక్క నన్ను నిలబెట్టి అడిగింది: "డాక్టర్ చెప్పినట్ల చేస్తున్నవా బిడ్డా, నీకు తోచినట్ల చేస్తున్నవా?"

నేను మందుల పెట్టె తీసుకుని లోపలికి వెళ్లాను.

ఆ మధ్యాహ్నం అతని మెడకు మందు రాస్తుంటే నా మణికట్టు పట్టుకున్నాడు.

"తమ్మీ, ఊరంత నా ముఖం చూడాలంటున్నవ్. మరి నువ్వు చూస్తున్నవా? నాకు కాలినప్పటి సంది నువ్వు ఒక్కపారి చూడలే. మాట్లాడితే నా చెవి దిక్కు చూస్తవ్."

నిజమే. అప్పుడు చెప్పేశాను. వేడి స్టవ్, కిరోసిన్ డబ్బా, సంతకం. అన్నీ.

అతను నా మణికట్టు వదిలాడు.

"నాకెరుకే. డబ్బా నీ చేతిలనే ఉండె గదా. నీ నౌకరి పోతదని నోరు మూసుకున్న."

"నన్ను మాఫ్ చేసినవా అన్నా?"

"గా మాట అడగకు. నాకే తెల్వదు. ముందుగాల్ల చూడు."

చూశాను. ఎడమ చెంప మీద చర్మం ముడతలు పడి మెరుస్తోంది. కనుబొమ్మ లేదు. పెదవి ఒక పక్కకు గుంజుకుపోయింది. నాకు ఏడుపొచ్చింది. అతనికి రాలేదు.

"గంతే. పా, చాయ్ తాగొద్దాం," అన్నాడు.

టీ కొట్టు దాకా తనే ముందు నడిచాడు. రుమాలు భుజం మీదే ఉంది. కొట్టతను ఒక్క క్షణం ఆగి, గ్లాసు చేతికిచ్చి, అందరినీ అడిగినట్టే అడిగాడు: "ఏమన్నా, మన ఊరు తెలంగాణల కలుస్తదంటవా?"

"ఏడ కలిస్తే ఏంది, ఎండ తక్కువైతదా?" అన్నాడు డ్రైవర్. సగం పెదవితో నవ్వాడు. ఆ రోజు నుంచి రోజూ వెళ్లాడు. నేను పిలవకుండానే.

యూనిట్‌కు తిరిగి వెళ్లిన రోజే కమాండింగ్ ఆఫీసరుకు నిజం రాసిచ్చాను. నా హోదా తగ్గించి భుజం మీది పట్టీ తీసేశారు. ఇరవై ఎనిమిది రోజులు నిర్బంధం. అయినా మనసు తేలికపడలేదు. డ్రైవరన్న ఇప్పుడు ఆర్మీ వదిలి, తన ఊరి పక్క గడ్‌చాందూర్ దారిలో జీపు నడుపుతున్నాడు. అప్పుడప్పుడు ఫోన్ చేస్తాడు. మాఫ్ చేశానని ఇంతవరకూ అనలేదు. నేనూ మళ్లీ అడగలేదు.

ఒక్క దృశ్యం మాత్రం నన్ను వదలదు. నన్ను సాగనంపడానికి అతను చంద్రపూర్ స్టేషన్‌కు వచ్చాడు. నేను కిటికీ దగ్గర కూర్చున్నాను. ప్లాట్‌ఫారం మీద ఒక ముసలామె తన మూట తలకెత్తమని అతన్ని పిలిచింది. అతను వంగి ఎత్తాడు. ఇద్దరి ముఖాల మధ్య జానెడు దూరం. ఆమె అతని కాలిన చెంపను తేరిపార చూసింది. ఖాళీగా ఉన్న చేత్తో దాన్ని మెల్లగా తడిమి, "పైలం కొడుకా," అని జాగ్రత్త చెప్పింది. అతను కదలకుండా, ఆమె తనంతట తాను ఆ చెయ్యి తీసుకునే దాకా వంగే ఉన్నాడు.