మంద దాటే రోజు ఎల్సీ నా పేరు మీదుంది

కరోనా తగ్గిన మరుసటి ఏడు ఎండాకాలంలో నన్ను సూర్యాపేట నుంచి మిర్యాలగూడ వైపు ఒక సబ్‌డివిజన్‌కు ఏడీఈగా వేశారు. ఏడీఈ అంటే అసిస్టెంట్ డివిజనల్ ఇంజనీరు. కింద సెక్షన్‌కొక ఏఈ, ఆయన కింద లైన్ ఇన్‌స్పెక్టర్లు, లైన్‌మెన్లు ఉంటారు. పైన డీఈ. జనం ఇంత పొడుగు చెప్పుకోరు, కరెంటాఫీసు ఏడీ సారు అంటారు. కరెంటు పోయినప్పుడు ఇంకా చాలా అంటారు. వాటిలో కొన్ని నా చెవులతో నేనే విన్నాను.

ముందు నా పిచ్చి ఒకటి చెప్పాలి. లాక్‌డౌన్‌లో మా చిన్నమ్మాయి నా ఫోన్‌లో ‘ఏడు కోటలు’ అనే ఆన్‌లైన్ ఆట వేసింది. ఆమె నెల తిరక్కుండానే మానేసింది. నేను మానలేదు, సూర్యాపేటలో రిటైరై కూర్చున్నా ఇప్పటికీ మానలేదు. ఇలాంటి ఆటల్లో అప్పుడప్పుడు ఎక్స్‌పాన్షన్ వస్తుంది, అంటే ఆటకు ఒక కొత్త రాజ్యాన్ని తెచ్చి కలుపుతారు. అది తెరుచుకునే ముందు కొన్ని రోజులు పాత రాజ్యంలో ఒక ఈవెంట్ నడుస్తుంది. పెళ్లి కంటే పందిరి వేసే రోజే ఎక్కువ సందడిగా ఉన్నట్టు, నాకు అసలు ఎక్స్‌పాన్షన్ కన్నా ఈ ముందు గడబిడే ఇష్టం. ఒకసారి కోట మీద కప్పల వాన కురిపించారు. రాజుగారి దర్బారులో కప్పలను ఏరి బుట్టల్లో వేయడమే మా పరాక్రమం. ఇంకోసారి సముద్రం వెనక్కి పోయింది, అడుగున మునిగి ఉన్న బజారులో తిరిగి దుకాణాలు తెరిచాం. గడువు దాటితే ఆ కప్పలుండవు, ఆ బజారూ ఉండదు, మళ్లీ రావు. అందుకే అంత మజా.

అన్నిటికన్నా నాకు నచ్చింది మాత్రం మంద దాటింపు. పాత కోట నదిలో మునిగిపోబోతుంది. ఆడేవాళ్లు తమ గొర్రెలను, గొడ్లను వంతెన మీదుగా అవతలి గట్టుకు తోలుకుపోవాలి. దాటినవే కొత్త రాజ్యానికి వస్తాయి, మిగిలినవి మాయమవుతాయి. జట్టు పెద్ద దగ్గర ఒక గంట ఉంటుంది. జట్టులో అందరూ దాటాక అది మోగిస్తే వెనక గేటు పడి నీళ్లు ఆగుతాయి. తొందరపడి మోగిస్తే వెనకున్నవాడు మునుగుతాడు, ఆలస్యం చేస్తే జట్టంతా మునుగుతుంది.

మా జట్టుకు పెద్దను నేనే, నన్ను పెద్దన్న అనేవారు. సైదులుది మేళ్లచెరువు, సిమెంటు లారీ డ్రైవరు. లోడు కోసం వరుసలో ఆగినంతసేపూ ఆడతాడు. ప్రసాద్‌కు కోదాడలో జిరాక్స్ షాపు. సునీతది వేములపల్లి, ఇంట్లో బట్టలు కుడుతుంది. ఒకరి మొహం ఒకరం చూడలేదు, మాటలన్నీ ఫోన్‌లోనే. నా ఉద్యోగమేంటో చెప్పలేదు. చెబితే ఆటలో కూడా ట్రాన్స్‌ఫార్మర్ల గురించే అడుగుతారని భయం.

సునీత అత్తగారిది గొర్రెల కాపరుల ఇల్లు. మామకు మోకాళ్లు పనిచేయక మందను అమ్మేశారు. ఆటలో పెంచుకున్న గొర్రెలకు ఆమె ఆ అమ్మిన గొర్రెల పేర్లే పెట్టుకుంది. ‘ఇవి గూడ పోతే మల్ల అమ్ముకున్నట్టే ఉంటది అన్నా’ అని ఒకసారి అంది. అప్పటి నుంచి ఆ మందంటే నాకూ పట్టింపు పెరిగింది.

వానలకు ముందు లైన్లన్నీ ఒకసారి సరిచేస్తాం. తీగలకు తగిలే కొమ్మలు కొట్టాలి, స్తంభాల మీద పగిలిన పింగాణీలు మార్చాలి. వేములపల్లికి కరెంటు తెచ్చే ఫీడర్‌కు ఒక ఆదివారం పొద్దంతా షట్‌డౌన్ పెట్టి ఆర్డరు మీద సంతకం చేశాను. ఆ తర్వాత ఆట కంపెనీ వాళ్లు మంద దాటింపు చివరి ఘడియ ప్రకటించారు, వంతెన తెరిచేది అప్పుడే. అదే ఆదివారం, మధ్యాహ్నం. నా నెత్తిన పిడుగు పడ్డట్టయింది.

ఆ సాయంత్రం ఫోన్‌లో కలిసినప్పుడు సునీత గొంతు సన్నగా ఉంది. “ఆదివారం కరెంటు తీస్తరట అన్నా, మైకుల చెప్పిండ్రు. నా ఫోన్ చార్జర్ పీకితే సస్తది. నా మంద గాడనే మునుగుతది.”

“గా ఏడీ గానికి ఇంకో దినం దొర్కలేదా?” అన్నాడు సైదులు. “వాని ఇంట్ల ఫ్యాన్ బంద్ జేస్తే ఎరుకైతది.”

నేను మంచినీళ్లు తాగుతున్నాను, పొలమారింది. మీరేమంటారని ప్రసాద్ నన్నడిగాడు. పాపం ఆయన ఇబ్బందులు ఆయనకుంటాయిలే అన్నాను.

షట్‌డౌన్ మార్చడం నా చేతిలో పనే. కానీ పక్క సెక్షన్ నుంచి మనుషులను తెప్పించాం, నారు పోసే ముందు రైతులు ఒప్పుకున్నది ఆ ఒక్క రోజుకే, పైన మబ్బులు కమ్ముకొస్తున్నాయి. ఆట కోసం షట్‌డౌన్ మార్చిన ఏడీఈ అనిపించుకోవడం కన్నా సైదులు తిట్లే నయమనుకున్నాను. అయినా సునీత మాట గుర్తొస్తే మనసు చివుక్కుమనేది.

దారి సైదులే చూపించాడు. ఆదివారం అతనికి నల్లగొండ లోడు ఉంది. “వేములపల్లి కాడ బండి ఆపుత చెల్లె, లారీల చార్జింగ్ వెట్టుకో.” అత్తను తోడు తీసుకొని వస్తానంది సునీత. నా ప్రాణం కుదుటపడింది.

ఇక మిగిలింది నా సంగతి. ఏఈ సెలవులో ఉండడంతో ఎల్సీ నా పేరు మీదే తీసుకోవాల్సి వచ్చింది. ఎల్సీ అంటే లైన్ క్లియర్. సబ్‌స్టేషన్ ఆపరేటర్ సరఫరా ఆపి, లైను చచ్చిందని రాసి ఇస్తాడు. ఎవరి పేరు మీద ఇచ్చాడో ఆ మనిషి వాపసు చేసేదాకా మంత్రి ఫోన్ చేసినా కరెంటు వదలడు. వాపసు చేసే ముందు స్తంభాలెక్కిన ప్రతి మనిషీ ‘నేను దిగాను’ అని తన నోటితో చెప్పాలి. ఒకరి బదులు ఇంకొకరు చెప్పడం ఒప్పుకోను. ఈ కట్టుబాటును ఆటలోకి కూడా తెచ్చాను. ఎవరు దాటినా ‘దాటిన’ అని వాళ్లే చెప్పాలి, అప్పుడే గంట. పెద్దన్న చాదస్తమని ముగ్గురూ నవ్వుకునేవారు.

ఎల్సీ చేతిలో ఉన్నంతసేపు నా ఫోన్ సబ్‌స్టేషన్ కోసమే. అందుకని ముందు రోజే గంట సునీతకు అప్పగించాను. మీరు రారా అని అడిగింది. రానని ముఖం మీద చెప్పడం మనవాళ్లకు చేతకాని పని. వీలు చూసుకుంటాలే అన్నాను.

ఆదివారం పని చకచకా సాగింది. మధ్యాహ్నం తిండి కోసం అందరూ దిగి, పేర్లు చెప్పి, రోడ్డు పక్కన టిఫిన్లు విప్పారు. లైన్ ఇన్‌స్పెక్టర్ నర్సింహ నాకూ పళ్లెంలో వడ్డించాడు. మా పక్కనే, పొద్దున మేం కొమ్మలు కొట్టిన వేపచెట్టు నీడలో ఒక సిమెంటు లారీ ఆగింది. కాసేపటికి క్యాబిన్లోంచి అరుపులు మొదలయ్యాయి.

“సైదులన్నా, దాటినవా? నీ నోటితోని చెప్పు!”

“దాటిన చెల్లె, దాటిన!”

నా చేతిలో ముద్ద చేతిలోనే ఆగింది. కోదాడ ప్రసాద్ గొంతు స్పీకర్లో వస్తోంది. “నేనూ దాటేశానమ్మా. నీళ్లు వంతెన మీదకొచ్చేశాయి, గంట కొట్టేయ్!”

“పెద్దన్న చెప్పలే. వస్తనన్నడు. చెప్పినంక కొడ్త.”

“ఆయన ఆన్‌లైన్లోనే లేరమ్మా! మన మందలన్నీ పోతాయి!”

క్యాబిన్లో ఇంకో పెద్ద గొంతు లేచింది, అత్తగారిది. “కొట్టకు బిడ్డా. మనిషి రాకముందే దొడ్డి తలుపు ఏస్తరా ఎక్కడన్న?”

నేను పళ్లెం పట్టుకొనే లేచి లారీ దగ్గరికి ఉరికాను. “సునీతా! పెద్దన్నను! నేను వస్తలేను. నా నోటితో చెప్తున్న, వస్తలేను. గంట కొట్టు!”

కిటికీలోంచి ఒక ముఖం బయటికొచ్చింది. నెత్తిన హెల్మెట్టు, చేతిలో పప్పన్నం ఉన్న నన్ను ఎగాదిగా చూసింది. గొంతు గుర్తుపట్టింది. మరుక్షణం గంట మోగింది.

గేటు పడింది. సునీత గొర్రెలన్నీ గట్టెక్కాయి, ఒక్కొక్కదాన్ని పేరు పెట్టి పిలిచి చూసుకుంది. పాత కోట గట్టునే నిలబడిపోయిన నా గొడ్లు మాత్రం నీళ్లలో కలిసిపోయాయి. బాధేసింది, కానీ ఆమె నవ్వు చూశాక ఎక్కువసేపు నిలవలేదు.

“నువ్వు కరెంటోళ్ల మనిషివా పెద్దన్నా?” అన్నాడు సైదులు అనుమానంగా.

నర్సింహ వెనకనుంచి గర్వంగా అందుకున్నాడు. “మా ఏడీ సారు!”

సైదులు స్టీరింగ్ వెనక సగానికి సగం కుంగిపోయాడు. “మొన్నటి మాటలు మనసుల వెట్టుకోకుండ్రి సార్.”

“నేను కిరాయికుండేది గూడ గీ ఫీడర్ మీదనే సైదులూ. పొద్దటి సంది మా ఇంట్ల ఫ్యాన్ బందే ఉన్నది” అన్నాను. సునీత అత్త నవ్వి నవ్వి కొంగుతో కళ్లు తుడుచుకుంది. తర్వాత నా పళ్లెంలోకి చూసి, ఇంత మామిడి తొక్కు వేసింది.

కొత్త రాజ్యం తెరుచుకున్న రోజు సునీత తన మందలోంచి నాకొక గొర్రెపిల్లనిచ్చింది. ఇప్పుడు నాకున్న మందంతా దాని సంతతే.

ఎక్కినవాడు దిగానని చెప్పాలని సర్వీసంతా చెప్పుకుంటూ వచ్చాను. రానివాడు రానని చెప్పకపోతే అవతలివాళ్లు తలుపు తీసిపెట్టుకొని మునిగిపోతారని నాకు తట్టలేదు. ఆ వారం నుంచి షట్‌డౌన్ ఉన్న రోజు పనికి రానివాడు కూడా పొద్దున్నే ఫోన్ చేసి, రావడం లేదని తన నోటితో చెప్పే పద్ధతి పెట్టాను. మొదటి ఫోన్ సెలవులో ఉన్న ఏఈ నుంచి వచ్చింది.