ముకుందం సేటుకు సమజ్ గాలే

మొయినాబాద్ ముకుందం సేటుకు ఒకసారి చెబితే ఏదీ అర్థం కాదు. రెండోసారి చెబితే అసలే అర్థం కాదు. దుకాణంలో మాత్రం ఎన్ని బస్తాల లెక్కయినా కాగితం ముట్టకుండా నోటితో తేల్చేస్తాడు. నా ఖర్మకొద్దీ ఆయన కిరాణా దుకాణం, నా టాక్స్ ఆఫీసు పక్కపక్కనే.

ఈ జూలైలో రిటర్నుల గడువు దగ్గరపడి నాకు నీళ్లు తాగే తీరిక కూడా లేదు. సరిగ్గా అప్పుడే వచ్చి కూర్చునేవాడు.

"ఉషమ్మా, బ్యాంకోళ్లు వడ్డీల టాక్స్ పట్టుకున్నరు. ముసలోళ్లకు వాపస్ వస్తదా?"

"వస్తది సేటూ. ఆమ్దానీ, అదే ఆదాయం, తక్కువున్నోళ్లు రిటర్ను వేస్తే, పట్టుకున్నదంత వాపస్ ఇస్తరు."

"సమజ్ గాలే. మళ్ల చెప్పు."

చెప్పాను.

"అడిగితే సర్కారోళ్లు బ్యాంకుల ఏసుకున్న అసలు పైసలు గూడ గుంజుకుంటరా?"

"గుంజుకోరు!"

"జర గట్టిగ చెప్పు బిడ్డా, ఇనొస్తలేదు."

పక్కనున్న తన దుకాణంలో గల్లాపెట్టె చప్పుడు కూడా ఇక్కడికి వినపడే చెవులవి! రోజూ ఇదే తంతు.

బెంచీ మూలన చిన్న మంగళారం ఊరి బాలనర్సమ్మ కూర్చునేది. భూమి అమ్మిన డబ్బు బ్యాంకులో వేసుకుని, ఆ వడ్డీతో మందులు కొనుక్కునే మనిషి. "నీ వడ్డీల గూడ పట్టుకున్నరా అవ్వా? బుక్కు ఇటియ్యి, చూస్త" అంటే, "వద్దు బిడ్డా, వానకు ఆగిన" అని సంచి దగ్గరికి లాక్కునేది. వాన లేని రోజు కూడా అదే మాట.

ఒక మధ్యాహ్నం సేటు మళ్లీ "సమజ్ గాలే" అనేసరికి నాకు తిక్క లేచింది.

"సేటూ, మీకు పుణ్యముంటది, పోయి దుకాణం చూసుకోండ్రి!"

బాలనర్సమ్మ దిగ్గున లేచింది.

"గట్ల కసురుతవేంది బిడ్డా! పాపం, సేటుకు తెలుస్తలేదు. నేను చెప్త. చూడు సేటూ, మనకు ఆమ్దానీ తక్కువ. వాళ్లు పట్టుకున్నది మనకే రావాలె. అడిగితే ఇస్తరు. అసలు పైసలు ముట్టరు. సమజైందా?"

"ఇప్పుడైంది అక్కా" అన్నాడాయన, ఎంతో వినయంగా.

ఆ ఊపులోనే ఆమె సంచిలోంచి పాస్‌బుక్కు తీసి నా ముందు పెట్టింది. "ఇగ నాది గూడ చెయ్యి."

ఆమె పని పూర్తిచేసి పంపాక సేటును నిలదీశాను.

"మీ రీఫండ్ మొన్ననే పడ్డది కద? ఇంక సమజ్ గాలే అంటరెందుకు?"

"పడ్డది. ఆమెకు అడుగనీకె సిగ్గు. నాకేం సిగ్గు? నువ్వు తిడ్తవ్, నేను పడ్త."

కోపం తెచ్చుకుందామన్నా రాలేదు. మర్నాడు ఆలూరు ఎల్లయ్యను తెచ్చి బెంచీ మీద కూర్చోబెట్టి, పక్కన తనూ కూర్చున్నాడు. సేటు నోరు తెరవకముందే నేనే రీఫండ్ సంగతి మొదలుపెట్టాను, ఆయన వైపే చూస్తూ, ఎల్లయ్యకు వినపడేంత గట్టిగా.